బాలానగర్ దారిలో ప్రపంచ మార్కెట్

ఈ మధ్య సమీక్ష కోసం, ముందుమాట కోసం నా దగ్గరకు వచ్చిన కథల్లో ఒక మాట పదే పదే కనిపించింది. అది 'మార్కెట్'. మార్కెట్ మగ్గాన్ని మింగింది, మార్కెట్ రైతును బలిగొన్నది, మార్కెట్ పల్లెను కాటేసింది. ఈ క్రియలన్నీ పాముకో, పులికో, ఆగ్రహించిన గ్రామదేవతకో చెందినవి. పాతకాలపు కథల్లో కరువు ఇట్లాగే వచ్చేది. వానదేవుడు కరుణించలేదు కనుక పల్లె ఎండిపోయింది అనేవారు. కరువు వెనుక ఉన్న భూమి సంబంధాలను, వడ్డీ లెక్కలను, చెరువు కట్ట తెగినా పట్టించుకోని సర్కారును చూపించడం అభ్యుదయ సాహిత్యం చేసిన మంచి పనుల్లో ఒకటి. కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో అప్పల్రాముడి అప్పు తలరాత కాదు. ఊరి ఆర్థిక జీవితం ఎట్లా మారుతూ వచ్చిందో ఆ కథ ఎంతో ఓపికగా చెప్తుంది. అందుకే చివరి దెబ్బ అంత బలంగా తగులుతుంది. కరువు దగ్గర వదిలించుకున్న తలరాతను మనం మార్కెట్ దగ్గర మళ్ళీ నెత్తికెత్తుకుంటున్నామని నా అనుమానం.

ఇందుకు రచయితలను తిట్టి లాభం లేదు. ప్రపంచ మార్కెట్‌లో ఒక దేశానికి ఏ స్థానం దొరుకుతుంది, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు అనే విషయం మన సాహిత్య తరగతుల్లో ఎవరూ చెప్పరు. నేను తెలుగు ఎం.ఏ. చదివిన బడిపంతులును. అర్థశాస్త్రం నాకు వృత్తి కాదు. అయితే నేను ఉండేది మెదక్ జిల్లా నర్సాపూర్‌లో. ఇక్కడి నుంచి హైదరాబాదుకు పోయే రోడ్డు మీద ఈ విషయం గోడలు, గొట్టాలు, వాసనల రూపంలో కనిపిస్తుంది. కనుక సిద్ధాంతం కంటే ముందు రోడ్డును చూద్దాం.

నర్సాపూర్ అడవి దాటి గుమ్మడిదల, బొంతపల్లి, దుండిగల్ మీదుగా, జీడిమెట్ల పక్కనుంచి ఈ రోడ్డు బాలానగర్ చేరుతుంది. బాలానగర్‌లో ఒక చౌరస్తాకు నర్సాపూర్ చౌరస్తా అని మా ఊరి పేరే ఉన్నది. బస్సులో కళ్ళు మూసుకుని కూర్చున్నా బొంతపల్లి వచ్చిందని ముక్కు చెప్తుంది. కొంచెం లోపలికి పోతే గడ్డపోతారం, కాజీపల్లి, బొల్లారం. ఇంకా పోతే పటాన్‌చెరు, పాశమైలారం. ఇక్కడ తయారయ్యేది ఎక్కువగా బల్క్ డ్రగ్, అంటే గోలీలో అసలు పనిచేసే ముడి మందు. అది డ్రమ్ముల్లో బయటికి పోతుంది. వేరేచోట గోలీ అవుతుంది, అట్టలోకి ఎక్కుతుంది, అమెరికాకూ ఆఫ్రికాకూ పోతుంది. రోడ్డు ఆ కొసన, చింతల్ దగ్గర, ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ ఉండేది. దాని పొడి అక్షరాలు, ఐ.డి.పి.ఎల్., ఇవాళ బస్టాపు పేరుగా, కాలనీ పేరుగా మిగిలాయి.

ఇన్ని మందుల ఫ్యాక్టరీలు ఇక్కడికే ఎందుకు వచ్చాయి? మామూలుగా చెప్పే జవాబులు రెండు. మనవాళ్ళ తెలివి అనేది మొదటిది. చవక కూలి అనేది రెండవది. తెలివిని నేను కాదనను. కూలి చవక అన్నదీ నిజమే. కానీ 1950లో మనవాళ్ళకు తెలివి లేదా? అప్పుడు కూలి ఖరీదుగా ఉండేదా? రెండూ ఉన్నాయి. అయినా ఆ రోజుల్లో భారతదేశం మందులు కొనే దేశమే గాని అమ్మే దేశం కాదు. పైగా అత్యంత ఖరీదుగా కొన్న దేశం. అమెరికా సెనేట్‌లో కెఫావర్ నాయకత్వాన 1959లో మొదలైన విచారణ, కొన్ని యాంటీబయాటిక్ మందుల ధరలు ప్రపంచంలో అత్యధికంగా ఉన్న దేశాల్లో భారతదేశం ఒకటని తేల్చింది. రోజుకు రూపాయి కూలి దొరకని మనిషి అమెరికన్ కంటే ఎక్కువ ధరకు మందు కొనవలసి వచ్చింది.

దీనికి కారణం ఒక చట్టం. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన పేటెంట్ల, డిజైన్ల చట్టం. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా రెండు దశాబ్దాలకు పైగా అదే నడిచింది. దాని ప్రకారం కంపెనీ కొత్త మందు కనిపెడితే ఆ మందు మీదనే హక్కు పొందేది. ఇక్కడ పాఠకులు ఒక తేడాను బాగా పట్టుకోవాలి. మిగతా వ్యాసమంతా దాని మీదే నిలబడి ఉన్నది.

మన ఇళ్ళలో సర్వపిండి చేస్తారు. ఎవరికో 'సర్వపిండి' అనే పదార్థం మీదనే హక్కు ఇచ్చారనుకోండి. అప్పుడు గిన్నెలో ఒత్తి కాల్చినా, పెనం మీద కాల్చినా, పల్లీలకు బదులు శనగపప్పు వేసినా, చేసినవాళ్ళందరూ దొంగలే. మరొక పద్ధతి ఏమంటే, ఫలానా తీరుగా గిన్నెలో ఒత్తి, ఫలానా మంట మీద ఇంతసేపు కాల్చే తీరు మీద మాత్రమే హక్కు ఇవ్వడం. అప్పుడు పక్కింటావిడ పెనం మీద చేసుకుంటే ఎవరూ అడ్డుపడలేరు. మొదటిది పదార్థం మీద పేటెంటు, రెండవది తయారీ పద్ధతి మీద పేటెంటు. మందుల రసాయనశాస్త్రంలో ఒకే పదార్థానికి చేరే దారులు చాలా ఉంటాయి. కనుక పదార్థం మీద హక్కు తీసేసి, పద్ధతి మీద మాత్రం ఉంచితే, దారులు వెతకగల రసాయన శాస్త్రజ్ఞులున్న దేశం ఏ మందునైనా చేసుకోగలుగుతుంది.

జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక సారాంశం ఇదే. మన దేశంలో మంజూరైన పేటెంట్లలో అత్యధిక భాగం విదేశీయులవని, వాటిలో అత్యధిక భాగాన్ని ఇక్కడ ఉత్పత్తికి వాడడమే లేదని ఆయన లెక్కలతో చూపించారు. అంటే అవి ఇక్కడ తయారు చేయడానికి తీసుకున్న హక్కులు కావు. ఇక్కడ మరెవరూ తయారు చేయకుండా, దిగుమతి సరుకుకు అడ్డు లేకుండా కట్టిన కంచెలు. నివేదిక వచ్చింది 1959లో. చట్టం వచ్చింది 1970లో. మధ్యలో 1965లో ఒక బిల్లు వచ్చి మురిగిపోయింది, 1967లో మరొకటి వచ్చి సెలెక్ట్ కమిటీకి పోయింది. పదకొండేళ్ళు పట్టిందంటే బహుళజాతి కంపెనీల ఒత్తిడి ఎంతటిదో ఊహించుకోవచ్చు. 1969లో కాంగ్రెసు చీలింది, బ్యాంకులు జాతీయమయ్యాయి, ఇందిరాగాంధీకి పార్లమెంటులో వామపక్షాల మద్దతు కావలసి వచ్చింది. అటువంటి రాజకీయ సందర్భంలో పేటెంట్ల చట్టం ఆమోదం పొంది, 1972 ఏప్రిల్ 20 నుంచి అమలైంది. ఆహారం, మందులు, రసాయన పదార్థాల మీద పదార్థ పేటెంటు లేదు. మందు తయారుచేసే పద్ధతి మీద హక్కు కూడా మంజూరు నుంచి 5 ఏళ్ళు, లేదా దరఖాస్తు నుంచి 7 ఏళ్ళు, రెంటిలో ఏది ముందైతే అంతవరకే. ఆ ఇందిరాగాంధీయే 1980లో మా మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. బొల్లారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల సంగతి మాట్లాడేటప్పుడు మావాళ్ళు ఆమె తెచ్చిన ఫ్యాక్టరీలని చెప్పుకుంటారు. ఆ కథ సగమే నిజం. ఓటుకు బదులు వచ్చిన ఫ్యాక్టరీల కంటే పదేళ్ళ ముందు ఢిల్లీలో వచ్చిన చట్టం పని పెద్దది.

అయితే చట్టం అనుమతి మాత్రమే ఇస్తుంది. చేతులు ఇవ్వదు. పేటెంటు అడ్డు లేని దేశాలు అప్పుడు ప్రపంచంలో ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ దేశాలు మందులు చేయలేకపోయాయి. మనం చేయగలగడానికి కారణం ప్రభుత్వ రంగం. ఐ.డి.పి.ఎల్. 1961లో సోవియట్ యూనియన్ సహాయంతో ఏర్పడింది. రుషీకేశ్‌లో యాంటీబయాటిక్స్, హైదరాబాదులో సింథటిక్ మందులు, మద్రాసులో శస్త్రచికిత్స పరికరాలు. పడమటి కంపెనీలు తయారైన మందును తెచ్చి అట్టల్లో పెట్టి అమ్మడానికి సిద్ధంగా ఉండేవి గాని మూలం నుంచి తయారుచేసే విద్యను ఇవ్వడానికి ముందుకు రాలేదు. ప్రచ్ఛన్న యుద్ధంలో భారతదేశం తన వైపు ఉండాలని కోరుకున్న సోవియట్ యూనియన్ ఇచ్చింది. ఇందులో ఆదర్శం ఎంత, అవసరం ఎంత అని కొలవడం నాకు చేతకాదు. బాలానగర్‌లో యంత్రాలు లేచాయి, అవి నిజం. తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనాశాల, ఇప్పటి ఐ.ఐ.సి.టి., దారులు వెతికిపెట్టింది. మూలం నుంచి మందు చేయడం తెలిసిన ఒక తరం ఈ రెండు గేట్ల మధ్య తయారైంది.

డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి 1969 నుంచి 1975 దాకా ఐ.డి.పి.ఎల్.లో పనిచేసినవారే. ఆ తర్వాత భాగస్వాములతో చిన్న కంపెనీలు నడిపి, 1984లో సొంత కంపెనీ పెట్టారు. ఈ తరహా మనుషులు ఇంకా ఉన్నారు. పత్రికలు వీళ్ళ జీవితాలను ఒంటరి సాహసాలుగా రాస్తాయి. రైతు కుటుంబంలో పుట్టి, ప్రపంచాన్ని జయించినట్టుగా. సాహసం లేదని నేను అనను. కాని ప్రజల పన్నుతో నడిచిన ఫ్యాక్టరీలో నేర్చిన విద్య, పార్లమెంటు తెరిచిన చట్టం, 1973 విదేశమారక చట్టం విదేశీ కంపెనీల వాటాకు వేసిన కళ్ళెం, ఇవి తీసేస్తే ఆ సాహసానికి కాలు మోపే చోటు లేదు. 1975లో హాథీ కమిటీ విదేశీ మందుల కంపెనీలను జాతీయం చేయమని కూడా సూచించింది. ప్రభుత్వం అంత దూరం పోలేదు. ఇక విద్య నేర్పిన ఐ.డి.పి.ఎల్. గతి ఏమయింది? 1992లో దాన్ని ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. మందులు చేసే కార్ఖానాకు ఖాయిలా అనే మాట! కథలో పెడితే సంపాదకుడు అతిగా ఉందని కొట్టేస్తాడు.

ఇంతవరకు మన దేశం చేసిన పనులు. కాని స్థానం అనేది ఒకరి చేతిలోనే ఉండేది కాదు. 1980లలో మన మందులకు పెద్ద గిరాకీ సోవియట్ యూనియన్ నుంచి వచ్చింది. డాలర్లు అక్కరలేని రూపాయి వ్యాపారం అది. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. మరోపక్క 1984లో అమెరికాలో హాచ్-వాక్స్‌మన్ చట్టం వచ్చింది. పేటెంటు గడువు తీరిన మందును ఇతరులు చేయాలంటే మొదటినుంచీ ఆసుపత్రి పరీక్షలన్నీ మళ్ళీ జరిపించనవసరం లేదు, తమ మందు పాతదానికి సమానమని నిరూపిస్తే చాలు అని ఆ చట్టం సారాంశం. అమెరికా పాలకులు ఇది మన కోసం చేయలేదు. తమ దేశంలో మందుల ఖర్చు తగ్గించుకోవడానికి చేసుకున్నారు. ఆ వాకిలి తెరిచిన నాటికి లోపలికి పోవడానికి తయారుగా ఉన్న కొద్ది దేశాల్లో మనది ఒకటి అయింది. అదే 1984లో డాక్టర్ రెడ్డీస్ పుట్టడం యాదృచ్ఛికమే. కాని ఆ తర్వాత జరిగినది యాదృచ్ఛికం కాదు.

ఇప్పుడు కథ మలుపు తిరుగుతుంది. 1986లో మొదలైన ఉరుగ్వే రౌండు చర్చల్లో, మందులకు పదార్థ పేటెంటు ఇవ్వాలని అమెరికా పట్టుబట్టింది. 1988లో చేసుకున్న వాణిజ్య చట్టంలోని స్పెషల్ 301 నిబంధనను బెత్తంలాగా ఎత్తిపట్టింది. మనవాళ్ళు చాలాకాలం ఎదిరించారు. 1991లో విదేశమారకం ఖాళీ అయింది. బంగారం కుదువపెట్టవలసి వచ్చింది. అప్పులపాలైన రైతు షావుకారు దగ్గర ఎంత గట్టిగా మాట్లాడగలడో, అప్పటి భారతదేశం అంతే గట్టిగా మాట్లాడింది. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు, విశ్వనాథ 'వేయిపడగలు' నవలను హిందీలోకి అనువదించిన మనిషి. పాత వ్యవస్థ కూలిపోతున్నదని పేజీలకు పేజీలు దుఃఖించిన నవల అది. దాన్ని వాక్యం వాక్యం మోసినవాడి హయాంలోనే గేట్లు తెరుచుకున్నాయి. దీని మీద ఎవరైనా సాహిత్య విద్యార్థి పనిచేస్తే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది. 1994 ఏప్రిల్‌లో మరాకేష్‌లో సంతకాలయ్యాయి. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చింది. మనకు పదేళ్ళ గడువు దొరికింది. పేటెంటు కాలం 20 ఏళ్ళయింది. 2005 జనవరి 1 నుంచి మందుల మీద పదార్థ పేటెంటు తిరిగి వచ్చింది.

దీన్నే చాలామంది ప్రపంచీకరణ రాక్షసి అని ఒక్క మాటలో తేల్చేస్తారు. కాని 2005 చట్టాన్ని పదం పదం చదివితే అందులో పోరాటం కనిపిస్తుంది. అప్పటి కేంద్ర ప్రభుత్వం వామపక్షాల మద్దతు మీద నిలబడి ఉన్నది. ఆ ఒత్తిడి వల్ల సెక్షన్ 3(డి) గట్టిపడింది. తెలిసిన పాత పదార్థాన్నే కొంచెం రూపం మార్చి కొత్తది అంటే ఒప్పుకోరు. రోగం మీద దాని పనితనం పెరిగిందని చూపించాలి. పాత నవలకు కొత్త అట్ట వేసి కొత్త నవల అంటే మనం ఒప్పుకుంటామా? స్విట్జర్లండ్ కంపెనీ నోవార్టిస్ తన రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ విషయంలో ఈ సెక్షన్ మీద సుప్రీంకోర్టు దాకా పోయి 2013 ఏప్రిల్ 1న ఓడిపోయింది. అంతకు ఏడాది ముందు, 2012 మార్చిలో, హైదరాబాదుకు చెందిన నాట్కోకు మన దేశంలో మొదటి నిర్బంధ లైసెన్సు దొరికింది. బేయర్ కంపెనీ నెలకు సుమారు 2,80,000 రూపాయలకు అమ్ముతున్న క్యాన్సర్ మందు నెక్సావర్‌ను నాట్కో 8,880 రూపాయలకు అమ్మవచ్చునని తీర్పు. ఒకే మందు, ఒకే కాలేయం, ధరలో ముప్పై రెట్ల తేడా. ఆ తేడా అంతా చట్టంలో ఉన్నది, గోలీలో లేదు. ఆఫ్రికాలో ఎయిడ్స్ రోగుల సంగతి చెప్పనే అక్కరలేదు. సాలుకు 10,000 డాలర్లు దాటిన మందుల్ని 2001లో బొంబాయి సిప్లా 350 డాలర్లకు ఇస్తానన్నది. తర్వాత హైదరాబాదు కంపెనీలు హెటెరో, మాట్రిక్స్ కూడా ఆ మందుల్ని పెద్ద ఎత్తున చేశాయి.

ఇంతటితో ఆపితే ఇది విజయగాథ అవుతుంది. పంద్రాగస్టుకు బడిలో చదవవచ్చు. అందుకే రెండో వైపు చూడాలి.

పెన్సిలిన్ సంగతి తీసుకోండి. పుణె దగ్గర పింప్రిలో హిందుస్తాన్ యాంటీబయాటిక్స్ 1954లోనే ఏర్పడింది, రుషీకేశ్ ఉన్నది, తర్వాత ప్రైవేటు ఫ్యాక్టరీలూ వచ్చాయి. 1990లలో దిగుమతి సుంకాలు తగ్గాయి. అదే కాలంలో చైనా ప్రభుత్వం కరెంటు, భూమి, అప్పు చవకగా ఇచ్చి పెద్ద పెద్ద పులియబెట్టే కార్ఖానాలను నిలబెట్టింది. మన ఫ్యాక్టరీలు ఒక్కొక్కటీ పెన్సిలిన్-జి చేయడం మానేశాయి. దిగుమతి చవక కనుక మన కంపెనీలే మానేశాయి, ఎవరూ బలవంతం చేయలేదు. 2018-19 నాటికి మనం దిగుమతి చేసుకున్న ముడి మందుల్లో సుమారు మూడింట రెండు వంతులు చైనావి. ప్రపంచానికి మందుల అంగడి అని పేరు పొందిన దేశం తన అంగడిలో సరుకు కోసం మరో దేశపు రేవు వైపు చూస్తున్నది. 2020లో కరోనా వచ్చి ఆ రేవులు ఆగినప్పుడు సర్కారు ఉలిక్కిపడింది. ముడి మందులు ఇక్కడే చేయడానికి 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. కాకినాడ దగ్గర అరబిందో అనుబంధ కంపెనీ 2024లో పెన్సిలిన్-జి మొదలుపెట్టింది. 1961లో సర్కారు సొంతంగా కట్టింది. 2020లో సర్కారు డబ్బిచ్చి ప్రైవేటువాళ్ళతో కట్టించింది. పుట్టించిన విద్యను పోగొట్టుకుని మళ్ళీ కొనుక్కోవడం అంటే ఇదే.

ఆ 2020లోనే మరొక చిన్న నాటకం జరిగింది. మార్చి 25న మన ప్రభుత్వం హైడ్రాక్సీక్లోరోక్విన్ ఎగుమతిని నిషేధించింది. ఏప్రిల్ మొదటి వారంలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఎదురుదెబ్బ తప్పదన్నట్టు మాట్లాడాడు. ఏప్రిల్ 7న నిషేధం సడలింది. ఐదేళ్ళ తర్వాత, 2025 ఆగస్టులో అదే ట్రంప్ భారతీయ సరుకుల మీద 50 శాతం సుంకం వేశాడు. మందులను మాత్రం అప్పుడు వదిలేశాడు. గోదావరి జిల్లాల రొయ్య మీద సుంకం పడింది, బొంతపల్లి డ్రమ్ము మీద పడలేదు. రెండూ తెలుగు నేల సరుకులే, రెండింటి వెనుకా చవక కూలే ఉన్నది. తేడా ఏమంటే, రొయ్యలు ఈక్వడార్ నుంచి కూడా వస్తాయి. చవక మందులు అంత మోతాదులో అమ్మగల మరో దేశం వెంటనే దొరకదు. ఎవరి అవసరం ఎవరికి ఎంత ఉన్నది అనే దాని మీద మర్యాద ఆధారపడుతుంది. ఇది మన పల్లెల్లో అందరికీ తెలిసిన సూత్రమే.

మా ఊరి పేరే ఉన్న మరో ఊరు పశ్చిమ గోదావరిలో ఉన్నది, నరసాపురం. నాకు వచ్చే పుస్తకాల కట్టలు కొన్ని అక్కడ తిరిగి వస్తుంటాయి. అక్కడి ఆడవాళ్ళు మిషనరీల కాలం నుంచీ కొక్కెపు సూదితో లేసు అల్లుతున్నారు. అది యూరపుకు పోతుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ వాళ్ళ మధ్య పనిచేసి 1982లో పుస్తకం వేసింది. ఆమె చూపించినది ఏమంటే, వాళ్ళను 'ఇల్లాళ్ళు' అని పిలవడం వల్లనే వాళ్ళ పని పని కాకుండా పోయింది. తీరిక వేళ కాలక్షేపంగా లెక్కయింది. కనుక కూలి కూడా కాలక్షేపానికి తగినంతే. వ్యాపారులు ఎదిగారు, అల్లేవాళ్ళు ఎదగలేదు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కాని నూరేళ్ళకు పైగా ప్రపంచ మార్కెట్‌లో ఉండి కూడా అక్కడే కూర్చున్న మనుషులు వాళ్ళు. మార్కెట్‌లో ఉండడం వేరు, అందులో ఒక స్థానం ఉండడం వేరు. రెండు నర్సాపూర్‌లనూ పక్కపక్కన పెట్టి చూస్తే గాని నాకు ఈ తేడా తెలిసిరాలేదు.

ఇక దేశానికి స్థానం దొరికింది అన్నప్పుడు దేశం అంటే ఎవరు? మా బడిలో చదివి ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడిగా ఉన్న అబ్బాయి బస్సులో కలిస్తే, ఏం చేస్తావురా అక్కడ అని అడిగాను.

"డ్రమ్ములు నింపుడు, మోసుడు సార్. పన్నెండు గంటల డ్యూటీ."

"ఏం మందు అది?"

"మాకు చెప్పరు సార్. నంబరుంటది. అమెరికాకు పొయ్యే గోలీలల్ల కలుస్తదట."

"మాస్కు ఇస్తారా?"

"తనిఖీకి వచ్చిన్నాడు ఇస్తరు సార్."

మందు చవకగా ఉండడంలో ఈ పన్నెండు గంటలు కూడా ఉన్నాయి. మా భూగర్భ జలాలు కూడా ఉన్నాయి. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు పోయిన కేసు, హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్ దాకా దశాబ్దాలు తిరిగింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని పరీక్షించారు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే కేంద్రం అది. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. రోగి రక్తంలో ఉండవలసిన మోతాదు కంటే నీళ్ళలో ఎక్కువ ఉన్నది. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల్లో కలిపే పొడిని తయారుచేసే సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. చాలామంది బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. అమెరికా మందుల శాఖ తనిఖీదార్లు మన ఫ్యాక్టరీలకు వచ్చి గోలీ శుద్ధిని పరీక్షిస్తారు. గోలీ చేసినవాడి ఊపిరితిత్తులను పరీక్షించమని ఏ ఒప్పందంలోనూ రాయలేదు. ఆ మాట రాయవలసింది మన శాసనసభల్లో. ఎట్లా రాయించాలో కార్మిక సంఘాలకు తెలుసు, కాని కాంట్రాక్టు కార్మికుడికి సంఘం పెట్టుకునే వీలు లేకుండా చేసిన తర్వాత రాయించేది ఎవరు?

మళ్ళీ సాహిత్యం దగ్గరికి వద్దాం. ఈ మధ్య ఒక యువకుడు రాతప్రతి తెచ్చి ఇచ్చాడు. తండ్రి మందుల ఫ్యాక్టరీలో పనిచేసి దగ్గుతో ఇంటికి చేరుతాడు. తల్లి షుగర్ గోలీల కోసం మెడికల్ షాపుకు పోతుంది. భాష బాగుంది, మా ప్రాంతపు పలుకు చక్కగా పట్టుకున్నాడు. మధ్యలో ఒకచోట, ప్రపంచ మార్కెట్ నాన్నను మింగేసింది అని ఒక్క వాక్యంలో తేల్చేసి ఏడుపులోకి పోయాడు. ఆ వాక్యం పక్కన నేను పెన్సిలుతో కొన్ని ప్రశ్నలు రాశాను. తండ్రి ఏ సంవత్సరంలో పనికి కుదిరాడు, 1995కు ముందా, 2005 తర్వాతా? పర్మినెంటు కార్మికుడా, కాంట్రాక్టా? ముందు పర్మినెంటుగా ఉండి తర్వాత మారితే ఆ రోజు ఏం కాగితం మీద సంతకం పెట్టించారు? ఆయన ఎత్తిన డ్రమ్ములోకి ముడిసరుకు ఏ దేశం నుంచి వచ్చేది? తల్లి కొన్న గోలీ ధర ఎంత, ఆ ధర మీద సర్కారు అదుపు ఉన్నదా లేదా?

ఇన్ని ప్రశ్నలు వేస్తే అది కథ అవుతుందా, ప్రభుత్వ నివేదిక అవుతుందా అని ఆ అబ్బాయి అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. ఇవన్నీ కథలో రాయాలని నేను చెప్పలేదు. రాసేవాడికి తెలిసి ఉండాలి అన్నాను. తెలిసినవాడు తండ్రి దగ్గును ఒకచోట పెడతాడు, తెలియనివాడు మరొకచోట పెడతాడు. వారం తిరిగేసరికి రెండింటికి జవాబు తెచ్చాడు. తండ్రి కుదిరింది 1998లో. గోలీ ధర మీద అదుపు ఉన్నదట, మెడికల్ షాపు అతనే చెప్పాడు. సంతకం పెట్టించిన కాగితం ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉందని తల్లి చెప్పింది, అది ఇంగ్లీషులో ఉన్నది. ఆదివారం తీసుకొస్తే ఇద్దరం కూర్చుని చదువుదామన్నాను.